పచ్చ కారులో కొత్త సెట్టు

ఆ వీధిలో ఏ కారు వెళ్లినా కిటికీ అద్దాలు గలగలలాడాయంటే, అది చిన్న మేస్త్రి చేతి పనే. కార్లలో పాటల సెట్లు బిగించడం అతని వృత్తి. ఇరవై ఆరేళ్లుగా అదే. డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుంటాడు, నోట్లో టార్చి కరుచుకుంటాడు, తీగ కోస్తాడు, మెలిపెడతాడు, టేపు చుడతాడు. గంట తిరిగేసరికి సెట్టు పాడాలి. ఆఖర్న సౌండు నిండా పెట్టి పది నిమిషాలు వదిలేస్తాడు. లోపం ఏదైనా ఉంటే అప్పుడే బయటపడుతుందట. పక్కవాళ్ల చెవులు చిల్లులు పడితే అది పక్కవాళ్ల ఖర్మ.

అలాంటి మనిషి ఒక పాత కారు చుట్టూ రెండు రోజులుగా ఊరికే తచ్చాడుతున్నాడు. బానెట్ ఎత్తుతాడు, దించుతాడు. తలుపు తీస్తాడు, లోపలికి చూస్తాడు, వేసేస్తాడు. గుండ్రటి దీపాల ముదురు పచ్చ కారు అది. అతనికంటే వయసులో పెద్దది. చచ్చిపోయిన అన్నయ్యది.

అందులో సెట్టు పెట్టమని అడిగింది వదిన. భోజనం వడ్డిస్తూ, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అడిగింది. ఫోనులోని పాటలు పాడే కొత్తరకం సెట్టు కావాలంది. రోజూ సాయంత్రం కాసేపు ఆ కారులో కూర్చుంటానంది. ఇల్లు మూగబోయిందని, గోడల మొహాలు చూసి చూసి విసుగెత్తిందని చెప్పింది. చిన్న మేస్త్రి ముద్ద కలపడం ఆపాడు. పాత వైరింగు కొత్త సెట్టుని తట్టుకోదన్నాడు. స్పీకర్ల కోసం తలుపులకి కంతలు పెట్టాల్సి వస్తుందన్నాడు. చివరికి, అన్నయ్యకి అస్సలు ఇష్టం ఉండేది కాదు కదా అని కూడా అన్నాడు.

"ఆయన ఉన్నన్నాళ్లూ నా మాట ఒక్కటీ సాగలేదు చిన్నా," అంది వదిన. "ఇప్పుడైనా ఒకటి సాగనీ."

చిన్న మేస్త్రి తలొంచుకుని కంచం ఖాళీ చేశాడు.

వదిన ఆ ఇంటికి కాపురానికి వచ్చేనాటికి అతనికి పన్నెండేళ్లు. తల్లి లేని పిల్లాడు. ఆవిడే తలకి నూనె రాసింది, జ్వరం వస్తే ఆవిడే పక్కన కూర్చుంది. తర్వాత అతను పెళ్లి రేపు చేసుకుంటా, మాపు చేసుకుంటా అంటూనే జుట్టు నెరిపించుకున్నాడు. రెండు పూటలా ఆవిడ చేతి అన్నమే. ఈ భూమ్మీద అతను తట్టగానే తెరుచుకునే తలుపంటూ ఉంటే అది వదినదొక్కటే. ఆ తలుపు శాశ్వతంగా మూసుకుపోయే సంగతి ఒకటి ఎనిమిది నెలలుగా అతని కడుపులో ఉంది.

అన్నయ్యని అందరూ పెద్ద మేస్త్రి అనేవాళ్లు. పాత కార్ల వైరింగులో ఆయన తర్వాతే ఎవరైనా. చేతిలో ఎంత నేర్పో నోటికి అంత దురుసు. పాత కార్ల తీగలకి పైన నేసిన గుడ్డ ఉంటుంది, లోపల రబ్బరు ఉంటుంది. ఆ గుడ్డ మీద బ్లేడు పెట్టడమంటే ఆయన దృష్టిలో మనిషిని కోసినట్టే. కొత్త సామాను ఏదైనా పెట్టాలంటే బ్యాటరీ నుంచి వేరే తీగ లాక్కోవాలి, దానికి వేరే ఫ్యూజు పెట్టుకోవాలి, పాత తీగ జోలికి మాత్రం పోకూడదు. తమ్ముడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. తమ్ముడు వింటేగా! ఒకసారి బద్ధకించి ఎవరిదో పాత కారులో అసలు తీగనే కోసి సెట్టుకి కలిపాడు. మర్నాడే డాష్‌బోర్డు అంటుకుంది. అన్నయ్య నడివీధిలో, నలుగురి ముందూ, పనికిమాలిన వెధవా అని తిట్టి, అతను తీగలు కోసే కటింగ్ ప్లేయరు తీసి మురిక్కాలవలో పారేశాడు.

వారం తిరగకుండా ఒకే షెడ్డు రెండైంది. మధ్యలో ఇటుక గోడ లేచింది. రెండు షట్టర్లు, రెండు కరెంటు మీటర్లు. అన్నదమ్ములు ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవాళ్లు.

ఆ తర్వాత మూడు వారాలకి, ఒక మధ్యాహ్నం, గోడకి అవతల పచ్చ కారు హారన్ మోగింది. కలిసి పనిచేసిన రోజుల్లో సాయం కావాలంటే అన్నయ్య రెండుసార్లు పొట్టిగా కొట్టి పిలిచేవాడు. ఆ రోజు అది ఒకటే పొడుగ్గా మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. చిన్న మేస్త్రి అప్పుడే ఒక సెట్టు బిగించి పాట పెట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు గుర్తొచ్చానా, అనుకున్నాడు. కొట్టుకో, చెయ్యి పడిపోయేదాకా కొట్టుకో, అనుకున్నాడు. అనుకుని సౌండు నిండా పెంచాడు.

అతను చేసింది అంతే. సాయంత్రం వదిన టీ తీసుకెళ్లేసరికి అన్నయ్య స్టీరింగు మీద వాలిపోయి ఉన్నాడు. ఒళ్లు చల్లబడిపోయింది. గుండెపోటు అన్నాడు డాక్టరు. మధ్యాహ్నమే ఎవరైనా చూసి ఉంటే, అని ఏదో చెప్పబోయి మానేశాడు. వదిన ఆ కారు పక్కనే నేల మీద కూలబడి, నీకేమైనా వినపడిందా చిన్నా అని అడిగింది. లేదు వదినా, సెట్టు టెస్టింగులో ఉంది, అన్నాడు అతను. అబద్ధమాడటానికి ఎంతసేపు? స్విచ్చి నొక్కినంతసేపు పట్టదు. ఆ బరువు దించుకునే చోటే ఇంతవరకూ దొరకలేదు.

అలా తచ్చాడిన మూడో రోజు మధ్యాహ్నం, ఇక తప్పదని సెట్టు తీసుకుని అన్నయ్య షెడ్డులోకి వెళ్లాడు. బయట ఎండ మాడ్చేస్తోంది. వేడిగాలికి అడ్డంగా షట్టరు సగం దించాడు. వెలుతురు గుమ్మం దగ్గర నేల మీదే ఆగిపోయింది, కారు ఉన్నచోట మసక. ఎనిమిది నెలలుగా పని జరగని షెడ్డు. గ్రీజు, ముక్కిన గుడ్డ, ఎండి పగుళ్లిచ్చిన రబ్బరు, అన్నీ కలిసిన ఒక వాసన. కారు తలుపు తీస్తే సీటు తోలు వాసన, దాని అడుగున సన్నగా అన్నయ్య బీడీ వాసన. పైన రేకులు ఎండకి టిక్కు టిక్కుమంటున్నాయి. ఆ సీట్లో కూర్చోవడానికి ముందు చిన్న మేస్త్రి తువ్వాలు పరిచాడు. ఎందుకు పరిచాడో అతనికే తెలీదు.

ముందు తలుపులు రెండింటికీ స్పీకర్లు బిగించాడు. డాష్‌బోర్డు కింద పలక విప్పాడు. గుడ్డ చుట్టిన తీగలు కట్టలుగా, దారంతో ముడివేసి, ఎక్కడా ఒక అతుకు లేకుండా ఉన్నాయి. అన్నయ్య పదకొండేళ్లు ఈ కారుతో కాపురం చేశాడు, ఒక్క తీగ మార్చలేదు. సెట్టుకి ఎప్పుడూ కరెంటు ఉండే తీగ ఒకటి కావాలి. బ్యాటరీ నుంచి కొత్తగా లాగడానికి ముప్పావు గంట పడుతుంది. ముప్పావు గంట! ఈ కారులో అతను ఐదు నిమిషాలు ఎక్కువ ఉండలేడు. తాళం లేకపోయినా కరెంటు ఉండే లావుపాటి తీగ ఒకటి కనపడింది. దాన్ని కోసేశాడు. కోశాక టార్చి వేసి చూస్తే అది హారన్‌కి వెళ్లే తీగ.

"సరేలే," అని పైకే అన్నాడు. గొంతు ఆ షెడ్డులో మరీ పెద్దగా వినపడింది.

సెట్టు ఇనప పెట్టెని కారు బాడీకి బోల్టులతో బిగించి, తీగలు మెలిపెట్టి, కటింగ్ ప్లేయరు కింద పెట్టాడో లేదో... ఫట్‌మని నిప్పురవ్వ. సెట్టులోంచి పొగ. అప్పుడు గానీ బుర్ర వెలగలేదు అతనికి. ఇప్పటి కార్లన్నింటికీ బ్యాటరీ మైనస్ తీగ ఇనప బాడీకి కలిసి ఉంటుంది. ఆ కాలం కార్లలో కొన్నింటికి బాడీకి కలిసేది ప్లస్ తీగ. అన్నయ్య దగ్గర పని నేర్చుకునే రోజుల్లో మొదటి పాఠం అదే. తిట్టుకుంటూ పరిగెత్తి, బ్యాటరీ తీగలు పీకేసి, బ్యాటరీనే మోసుకొచ్చి గోడ పక్కన బల్ల మీద పెట్టాడు. సెట్టు లోపల మాడిపోయిన కంపు. కొత్త సెట్టు, పాడకుండానే పోయింది. ఒక రకంగా అతనికి ప్రాణం కుదుటపడింది. కాలిపోయింది వదినా, ఈ కారుకి రాసిపెట్టి లేదు, అని చెప్పేస్తే సరి.

చెప్పాడు కూడా. నాలుగింటికి వదిన టీ తీసుకుని షట్టరు కిందనుంచి వంగి వచ్చింది. అయిపోయిందా చిన్నా అని అడిగింది. అతను చెప్పింది విని, టీ కప్పు డాష్‌బోర్డు మీద పెట్టి, పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. వచ్చాను కాబట్టి కాసేపు కూర్చుంటానంది. అతను స్టీరింగు వెనక ఇరుక్కుపోయాడు. ఇద్దరూ అద్దంలోంచి ఎదురుగా ఉన్న గోడని చూస్తున్నారు. ఆ ఇటుకల మీద సిమెంటు కూడా సరిగ్గా పూయలేదు.

సెట్టు వెలిగింది.

నీలంగా, చిన్న గీత. చిన్న మేస్త్రి మొదట బల్ల వైపు చూశాడు. బ్యాటరీ అక్కడే ఉంది. దానికి ఒక్క తీగా లేదు. లోపల మిగిలిన కరెంటేదో ఉండుంటుంది అనుకున్నాడు. స్పీకర్లలో సన్నగా ఇసుక రాలినట్టు ఒక రొద... దాని వెనక ఇంకేదో. ఊపిరి. ఎవరో ముక్కుతో తీసి నోటితో వదులుతున్నారు. సీటు తోలు కిర్రుమంది. కూర్చున్న ఇద్దరూ కదల్లేదు.

తర్వాత దగ్గు. పొడి దగ్గు, చివర్లో చిన్న మూలుగు.

వదిన చెయ్యి నోటి మీదకి వెళ్లింది. ముప్పై ఏడేళ్లు పక్కన పడుకున్న మనిషి దగ్గు ఆవిడకి ఒకరు చెప్పాలా?

అతను చెయ్యి చాచి సెట్టు స్విచ్చి నొక్కాడు. ఆగలేదు. మళ్లీ నొక్కాడు. సెట్టు వెనక చెయ్యి పెట్టి తీగల్ని గుప్పిట్లో పట్టి ఒక్క గుంజు గుంజాడు. తీగలన్నీ ఊడి చేతిలోకి వచ్చేశాయి. ఊపిరి మాత్రం సాగుతూనే ఉంది. ఇప్పుడు అది పొట్టిగా, ఆగి ఆగి వస్తోంది. దానికి చాలా దూరంగా, గోడ అవతల ఉన్నట్టు, ఒక పాట.

ఆ పాట ఏదో అతనికి తెలుసు. ఏ మధ్యాహ్నం అది పెట్టుకున్నాడో కూడా తెలుసు.

హారన్ మోగింది. కారుది కాదు, స్పీకర్లలోంచి. పొడుగ్గా... ఆగింది. "ఒరేయ్..." అంది అన్నయ్య గొంతు, పక్కనే కూర్చుని పిలిచినట్టు. మళ్లీ హారన్. అప్పుడు గోడ అవతల పాట ఒక్కసారిగా పెరిగింది. ఎవరో సౌండు నిండా తిప్పారు. ఆ పాట కింద హారన్ అణిగిపోయింది. ఊపిరి ఇంకో నాలుగు సార్లు వినపడింది. ఐదోది సగంలో ఆగింది. పాట మాత్రం హాయిగా చివరిదాకా నడిచింది.

వదిన అతని వైపు తిరగలేదు. గోడనే చూస్తూ, చాలా మెల్లగా అడిగింది.

"హారన్ మోగాకే పెరిగింది కదా చిన్నా, సౌండు?"

ఎనిమిది నెలలుగా ఈ క్షణం గురించే భయపడ్డాడు. తిడుతుందనుకున్నాడు, చెంప పగలగొడుతుందనుకున్నాడు, కాళ్లు పట్టుకుందామనుకున్నాడు. ఇలా ఉంటుందనుకోలేదు.

"వదినా, నేను..."

"ష్... ఇంకా ఉంది."

ఇంకా ఉంది. క్యాసెట్టుని ముందుకి పరిగెత్తించినప్పుడు వచ్చే కీచుకీచు చప్పుడు. అది ఆగినచోట వదిన ఏడుపు, డాక్టరు గొణుగుడు, ఆ తర్వాత స్పష్టంగా అతని గొంతు: లేదు వదినా, సెట్టు టెస్టింగులో ఉంది. తన గొంతు తనకే అసహ్యంగా వినపడింది. మళ్లీ కీచుకీచులు. షట్టరు లేచిన చప్పుడు, దిగిన చప్పుడు. ఎవరూ లేనప్పుడు ఈ కారులో కూర్చుని ఒక ఆడమనిషి వెక్కి వెక్కి ఏడ్చిన చప్పుడు. పక్కనున్న వదిన అది విని కొంగు బిగించి పట్టుకుంది. తర్వాత కటింగ్ ప్లేయరు కింద పెట్టిన చప్పుడు, ఫట్‌మన్న నిప్పురవ్వ. అయిపోయిందా చిన్నా అన్న మాట. కప్పు పెట్టిన చప్పుడు. సౌండు హారన్ మోగాకే పెరిగిందన్న మాట. ష్... అన్న మాట.

అక్కడితో చప్పుళ్లు వాళ్లని అందుకున్నాయి. స్పీకర్లలో ఇద్దరి ఊపిరి. కారులో ఇద్దరి ఊపిరి. రెండూ ఒక్కటే... ఇక అయిపోయింది అనుకున్నాడు.

స్పీకర్లలో వాన మొదలైంది.

రేకుల మీద జోరున కురుస్తున్న వాన. బయట ఎండ ఇంకా నేల మీద పడే ఉంది. వానలో కారు తలుపు వేసిన చప్పుడు. తర్వాత ఎవరో మూలిగారు. "వదినా..." అంది ఒక గొంతు. నీరసంగా, పళ్లు బిగించి. చిన్న మేస్త్రి గొంతు. ఆ మాట అతను ఇంతవరకూ ఆ గొంతుతో అనలేదు, అనే రోజు ఇంకా రాలేదు.

హారన్. పొడుగ్గా.

"వదినా... ఒక్కసారి రా... వదినా..."

వానలో చెప్పుల చప్పుడు. వదినకి ఎడమ మోకాలు నొప్పి, ఆ కాలు కాస్త ఈడుస్తుంది. ఒక అడుగు, ఒక ఈడుపు. ఒక అడుగు, ఒక ఈడుపు. కారు దాకా వచ్చింది. ఆగింది. తలుపు పిడి కదిలిన చప్పుడు లేదు. చాలాసేపు వాన మాత్రమే. లోపల గొంతు ఏదో బతిమాలుతోంది, మాటలు తెలియడం లేదు... తర్వాత ఒక అడుగు, ఒక ఈడుపు. ఒక అడుగు, ఒక ఈడుపు. వెనక్కి. దూరంగా.

చిన్న మేస్త్రి మెల్లగా తల తిప్పి వదిన మొహం చూశాడు. అందులో కోపం ఉంటే బాగుండేది. ఆశ్చర్యమైనా ఉంటే బాగుండేది. వదిన తన చెప్పుల వైపు చూసుకుంటోంది. రేపు చెయ్యాల్సిన పని ఒకటి ఇప్పుడే గుర్తొచ్చిన మనిషిలా ఉంది.

ఆవిడ తలుపు తీసుకుని దిగింది. చప్పుడు కాకుండా మళ్లీ వేసింది. కిటికీ దగ్గర వంగి, ఎప్పటి గొంతుతోనే చెప్పింది.

"ఉండనీ ఆ సెట్టుని. తియ్యకు."

షట్టరు కిందనుంచి వంగి ఎండలోకి వెళ్లిపోయింది. రాత్రి అన్నానికి రమ్మని చెప్పలేదు. అంతకుముందు ఒక్క రోజు కూడా చెప్పకుండా వెళ్లిన మనిషి కాదు.

అతను దిగుదామనుకున్నాడు. తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆగాడు. స్పీకర్లలో వాన ఇంకా కురుస్తోంది. అందులో అతని మూలుగు సన్నబడుతోంది. హారన్ ఒకసారి మోగబోయి గొంతులోనే ఆగిపోయింది. ఊపిరి... ఊపిరి... సగం ఊపిరి. తర్వాత వాన కూడా ఆగింది. నీలం గీత ఆరిపోయింది. షెడ్డంతా నిశ్శబ్దం. హమ్మయ్య అనుకోవడానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు.

అప్పుడు చెవి పక్కన, తాపీగా, అన్నయ్య గొంతు.

"నాకు వినపడిందిరా."

గొంతు వెనక సీటు వైపు నుంచి వచ్చింది. చిన్న మేస్త్రి అద్దంలోకి చూడలేదు. చేతులు రెండూ చెరోపక్కకి చాచి, తలుపుల్లో తను బిగించిన స్పీకర్ల మీద వేళ్లు ఆనించి చూశాడు. అవి అదరడం లేదు. వెనక స్పీకర్లయితే అతను ఇంకా బిగించలేదు. డబ్బాలోంచి తియ్యనే లేదు.